కుర్చీని బోర్లా తిప్పి చూడండి
(పాత కర్ర సామాను బాగుచేసే ఒక నిపుణుడు తన వృత్తి గురించి, పత్రికల గురించి హైదరాబాదులో కళా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఈ కుర్చీని బోర్లా తిప్పి బల్ల మీద ఎందుకు పెట్టానా అని ఇందాకటి నుంచి చూస్తున్నారు. మా పనిలో కుర్చీని చూడటం ఇక్కడే మొదలవుతుంది. నిలబెట్టిన కుర్చీలో కనిపించేదంతా జనం చూడాలని చేసింది. నగిషీ, పాలిష్, గుడ్డ, అన్నీ అంతే. తిప్పితే కనిపించేది ఎవరూ చూడరని వదిలేసింది. నాకు కావలసింది అదే.

దగ్గరికి రాగలిగినవాళ్లు రండి. కూర్చునే పలక కింద ఈ అడ్డకర్ర ఉంది చూశారా, దీనికి పాలిష్ లేదు. బూడిద రంగులో ఎండిపోయి ఉంది. వేలితో తడిమితే చిన్న చిన్న పల్లాలు తగులుతాయి. అవి బాడిస దెబ్బలు. పైన చిత్రిక పట్టి అద్దంలా చేసిన వడ్రంగి, కింద పట్టలేదు. పొద్దున్న నుంచి ఒళ్లు హూనం చేసుకున్న మనిషి ఎవరూ చూడని చోట ఇంకో గంట ఎందుకు కష్టపడతాడు? ఇప్పుడు ఈ పక్క చూడండి. రంపం గీతలు తిన్నగా ఉన్నాయి, కానీ వాటి మధ్య ఎడం ఒకేలా లేదు. ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని కోసిన గుర్తులవి. కోత మిల్లులో గుండ్రటి రంపం మీద కోసి ఉంటే గీతలు విల్లులా వంగి ఉండేవి.

ఇంకొకటి. పుచ్చు పురుగు లోపల ఇష్టం వచ్చినట్టు తొలుచుకుంటూ తిరుగుతుంది. బయటికి వచ్చేటప్పుడు మాత్రం గుండుసూది తలంత చిల్లు చేసుకుని వస్తుంది. కాబట్టి పాత కుర్చీ పైన చిల్లులే కనబడాలి. పురుగు తొలిచిన దారి పొడుగునా తెరుచుకుని, పిల్ల కాలవలా కనబడిందా, పురుగు తిన్నాక ఆ చెక్కని ఎవరో కోశారన్నమాట. చెక్క పాతదే, కుర్చీ మాత్రం కొత్తది. ఈ ఒక్క విషయం మా మేస్త్రి గారు నాకు చెప్పడానికి మూడు నెలలు పట్టింది. ఎందుకంటే ఆయన చెప్పలేదు. చెక్క ముక్కలు చేతికిచ్చి, "ఏం కనబడింది?" అని అడిగేవారు, అంతే. తప్పు చెబితే మర్నాడు అదే ముక్క మళ్లీ చేతికొచ్చేది.

నేను 1989లో ఈ పనిలోకి వచ్చాను. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు పడగొట్టి డాబాలు కడుతున్న రోజులు. లోపలి సామాను ఏం చేయాలో ఇంట్లోవాళ్లకి తెలిసేది కాదు. భోషాణాలు వంటచెరుకు లెక్కన పోయాయి. జిట్రేగు బల్లలు కోయించి కిటికీ చట్రాలు చేసుకున్నారు. మా మేస్త్రి గారు సైకిల్ మీద ఊరూరా తిరిగి, కొనగలిగినవి కొని, కొనలేనివి కనీసం బాగుచేసి, "అమ్మకండమ్మా, ఉంచుకోండి" అని చెప్పి వచ్చేవారు. దానివల్ల ఆయన వ్యాపారం ఎప్పుడూ బాగుపడలేదు. నాకు మాత్రం చదువు వచ్చింది. తర్వాత హైదరాబాదు వచ్చాను. ముప్పై ఆరేళ్లుగా పాత కర్ర సామాను బాగుచేయడం, కొనేవాళ్లకి అది ఎప్పటిదో చెప్పడం, ఇదే బతుకుతెరువు.

ఈ రోజు నన్ను మాట్లాడమన్నది మా వృత్తి గురించి, పత్రికల గురించి. ముందు నా సంగతి చెబుతాను. తర్వాత ఫ్రాన్సులో ఒకాయన సంగతి. అది చాలా పెద్దది.

చాలా ఏళ్ల కిందట కోనసీమలో ఒక మామ్మగారు కబురు పెట్టారు. వాళ్ల పందిరి మంచానికి ఒక కాలు పుచ్చిపోయింది, చూసి వెళ్లమన్నారు. వెళ్లాను. చాలా మంచి మంచం. తలవైపు పలకలో అద్దం, అద్దం చుట్టూ ద్రాక్ష గుత్తులు, నాలుగు స్తంభాల మీద కలశాలు. పరుపు తీయించి కిందికి దూరాను. స్క్రూలకి మొన ఉంది. యంత్రం మీద తయారైన స్క్రూలు. మొన ఉన్న స్క్రూలు 19వ శతాబ్దం నడుమ నుంచే వాడుకలోకి వచ్చాయి, మన పల్లెల దాకా రావడానికి ఇంకా టైం పట్టింది. చెక్క బర్మా టేకు, మిల్లులో కోసినది. విల్లు గీతలు స్పష్టంగా ఉన్నాయి. మామ్మగారిని అడిగితే, తన మామగారు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లి బియ్యం మిల్లులో పనిచేసి, కలిసొచ్చాక కలప ఓడలో వేయించి కాకినాడలో దింపించారని, పెళ్లికి ముందు ఏడాది వడ్రంగులు ఆరు నెలలు వాకిట్లోనే కూర్చుని చేశారని చెప్పారు. చెక్క చెప్పిందీ ఆవిడ చెప్పిందీ అతికినట్టు సరిపోయాయి. 1920ల నాటి మంచం అది. ఒక మనిషి ఇల్లు వదిలి సముద్రం దాటి పడ్డ కష్టమంతా ఆ మంచంలో ఉంది. నాకు కళ్లు చెమర్చాయి.

అక్కడ ఎవరో ఫోటో తీసుకున్నారు. మర్నాడు ఒక విలేకరి ఫోన్ చేశాడు. "పాతదేనాండీ?" అన్నాడు. "చాలా పాతది" అన్నాను. "విలువైనదేనా?" అన్నాడు. "విలువ కట్టలేం" అన్నాను. చేసిన తప్పు ఇదే, ఒప్పుకుంటాను. ఆ రెండు ముక్కలు చాలాయి. మూడో రోజు పేపర్లో వచ్చింది: రెండు వందల ఏళ్ల నాటి రాచరికపు మంచం, ధర కోట్లలో, నిపుణుడి నిర్ధారణ. నిపుణుడు అన్న చోట నా పేరు. టీవీ వాళ్లు కెమెరాలు పట్టుకుని వెళ్లారు. రంగం సంగతి ఎవరూ రాయలేదు. అడగనేలేదు.

తర్వాత జరిగింది చెప్పడం కష్టంగా ఉంటుంది. పదిహేనేళ్లుగా ఇంటి గడప తొక్కని బంధువులు మంచంలో వాటా అడిగారు. బేరగాళ్లు రాత్రి తొమ్మిదికి తలుపు కొట్టేవారు. ఒకరోజు పెరటి తలుపు గొళ్లెం ఊడదీసే ప్రయత్నం కూడా జరిగింది. మామ్మగారు ఆ గదికి తాళం వేసి, హాల్లో నవారు మంచం వేయించుకుని పడుకునేవారు. పెళ్లైనప్పటి నుంచి పడుకున్న మంచం అది. నేను సవరణ వేయమని ఉత్తరం రాశాను, తర్వాత స్వయంగా వెళ్లి అడిగాను. వేయలేదు. ఆ మంచం ఏ రాజుదీ కాదు, ఒక కూలీ కష్టార్జితం అని చెబితే అది వార్త కాదన్నారు.

ఇప్పటికీ ఆ పాత వార్త పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. "ఆ కోట్ల మంచం చెప్పింది మీరేగా?" అంటారు.

సరే. ఇక ఫ్రాన్సుకి వెళదాం.

2016 జూన్‌లో పారిస్ నుంచి ఒక వార్త వచ్చింది. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ కుర్చీల మీద ప్రపంచంలో అందరికంటే పెద్ద అధికారి అనిపించుకున్న బిల్ పాలో అనే ఆయన్ని పోలీసులు తీసుకెళ్లారని. ఆ పేరు మా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 1987లో ఆయన ఆ కాలపు ఫ్రెంచ్ ఆసనాల మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా దాటాయో లేదో. వేలం సంస్థలు కుర్చీ అమ్మేటప్పుడు ఆ పుస్తకాన్ని ప్రమాణంగా చూపించేవి. పారిస్‌లో పేరున్న గ్యాలరీలో పని, సోర్బన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు. పొడుగు జుట్టు, మూడు ముక్కల సూటు, పత్రికలకి ఎక్కడ కనబడినా ఫోటో తీయాలనిపించే మనిషి. పారిస్‌లో పేర్ లాషేజ్ అని పెద్ద శ్మశానం ఉంది. ఫ్రెంచ్‌లో పేర్ అంటే తండ్రి, షేజ్ అంటే కుర్చీ. ఆ పేరునే విడగొట్టి ఆయన్ని "కుర్చీ పెద్దాయన" అనే అర్థంలో పిలిచేవారు. పత్రికలకి ఆ పేరు ఎంత నచ్చిందంటే, ఆయన గొప్పతనం రాసినప్పుడూ అదే వాడారు, అరెస్టైనప్పుడూ అదే వాడారు.

ఆయన ఏం చేశాడో చెప్పేముందు, ఫ్రెంచ్ కుర్చీ ఎందుకంత ఖరీదో చెప్పాలి. పారిస్‌లో వడ్రంగుల సంఘం 1743లో నియమాలు రాసుకుంది, 1751లో అవి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి మేస్త్రీ తను చేసిన సామాను మీద ఇనుప ముద్రతో తన పేరు కొట్టాలి. సంఘం పెద్దలు వచ్చి పని చూసి, బాగుంటే పక్కన జే, ఎం, ఈ అనే మూడు అక్షరాల ముద్ర వేసేవారు. 1791లో సంఘాలు రద్దయ్యేదాకా ఇది నడిచింది. మన ఊళ్లలో ఎంత గొప్ప వడ్రంగైనా పేరు ఎక్కడా చెక్కుకోలేదు. అక్కడ మాత్రం కుర్చీ తిప్పితే జాకబ్ అనో, దెలన్వా అనో, ఫొలియో అనో కనబడుతుంది. పైగా రాజు సామాను లెక్క చూసే ఒక విభాగం ఉండేది. ఏ గదికి, ఎవరి కోసం, ఎన్ని కుర్చీలు, ఏ తేదీన వచ్చాయో పుస్తకాల్లో రాసి ఉండేది.

తర్వాత విప్లవం వచ్చింది. 1793 ఆగస్టు 25 నుంచి ఏడాది పాటు వెర్సాయ్ రాజభవనంలోని సామానంతా వేలం వేశారు. 17,182 లాట్లు, అంటే అన్ని విడివిడి పాటలు. రాణి మారీ ఆంత్వానెట్‌ని అదే ఏడాది అక్టోబరు 16న గిలటిన్ ఎక్కించారు. లూయీ 15 ప్రియురాలు మదాం ద్యు బారీని డిసెంబరు 8న. వాళ్లు కూర్చున్న కుర్చీలు యూరప్ అంతా చెల్లాచెదురయ్యాయి. ఆ చెదిరినవాటిని ఒక్కొక్కటిగా వెతికి, కొని, వాటి గదుల్లోకి తిరిగి చేర్చడం వెర్సాయ్ మ్యూజియం దశాబ్దాలుగా చేస్తున్న పని. గొప్ప పని. ఆ ఆశనే పాలో వాడుకున్నాడు.

లెక్కల పుస్తకంలో ఒక సెట్టుకి ఇన్ని కుర్చీలని రాసి ఉంటుంది. దొరికినవి వాటికంటే తక్కువ. మిగతావి ఎక్కడో ఉండాలి. ఆ ఖాళీ ఎక్కడెక్కడ ఉందో పాలోకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, జీవితమంతా ఆయన చదివింది అదే కదా. పారిస్‌లో ఫోబూర్ సాంత్ ఆంత్వాన్ అని వందల ఏళ్లుగా కర్రపనివాళ్లుండే పేట ఉంది. అక్కడ బ్రూనో దెనూ అనే చెక్కడపు మేస్త్రీ. వెర్సాయ్ వాళ్లకే పనిచేసినవాడు, చేతిలో అంత విద్య. 2007, 2008 ప్రాంతంలో ఇద్దరూ కలిసి ద్యు బారీ కుర్చీ ఒకటి చేసి చూశారు. అసలు కుర్చీని పోలగలదా లేదా అన్న సరదాతో మొదలైందని పాలో తర్వాత కోర్టులో చెప్పాడు. పోలగలిగింది. అమ్ముడుపోయింది. ఇక ఆగలేదు.

పద్ధతి ఇది. ఆ కాలపు కుర్చీ చట్రాలు అక్కడా ఇక్కడా సంపాదించేవారు. దెనూ చెక్కేవాడు. బంగారు పూత, గుడ్డ పనికి వేరే పనివాళ్లు. మేస్త్రీల ముద్రలు కొన్ని దొంగవి, కొన్ని ఆ కాలపు అసలు సామాను నుంచి తీసినవి. తర్వాత మధ్యవర్తుల ద్వారా గ్యాలరీలకి, వేలాలకి. 2008 నుంచి 2015 మధ్య వెర్సాయ్ కూడా వీటిలో కొన్ని కొన్నది. మారీ ఆంత్వానెట్ కుర్చీలని చెప్పిన ఒక జతని ఫ్రెంచ్ ప్రభుత్వం 2013లో జాతీయ సంపదగా ప్రకటించింది. అడిగిన ధర పెట్టడం మ్యూజియం వల్ల కాలేదు. తర్వాత అవి ఖతార్ రాకుమారుడొకరికి 20 లక్షల యూరోలకి వెళ్లాయి. ఆ రెండూ దొంగవే.

ఇక్కడే నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఉంది. ఇది తెలిసినవాడు ఒకడున్నాడు. షార్ల్ హోర్‌మన్ అనే వ్యాపారి, ఒకప్పుడు పాలో దగ్గర చదువుకున్నవాడే. 2012లో వెర్సాయ్ కొన్న మడత పీటల జత చూసి ఆయనకి అనుమానం వచ్చింది. వెర్సాయ్‌లో ఈ పీటలకి పెద్ద కథ ఉంది. రాజు ముందు చేతులున్న కుర్చీ ఎవరికి, వీపు ఉన్న కుర్చీ ఎవరికి, ఉత్త పీట ఎవరికి అన్నదానికి కఠినమైన మర్యాద ఉండేది. ఉత్త పీట మీద కూర్చునే హక్కు కూడా డచెస్‌లంతటి గొప్పింటి స్త్రీలకే దక్కేది. సరే, ఈ పీటలు లూయీ 15 పెద్ద కూతురివని చెప్పారు. హోర్‌మన్ ఏం చేశాడో తెలుసా? చెక్కని నాకి చూశాడు. తియ్యగా ఉంది.

అతిమధురం అండీ. మన పచారీ కొట్లో దగ్గుకి కొనుక్కునే ఆ వేరే. దాన్ని కరిగించి పూస్తే కొత్త చెక్కకి పాత మురికి రంగు వస్తుందని దెనూకి తెలుసు, అది దెనూ చేసే పని అని హోర్‌మన్‌కి తెలుసు. రెండు వందల యాభై ఏళ్ల మురికి తియ్యగా ఉండదు. మురికి అన్నిచోట్లా సమానంగానూ ఉండదు. చేతులు ఆనేచోట నల్లగా, కాళ్ల లోపలివైపు దుమ్ము రంగులో, అడుగున బోసిగా. అందుకే ఇందాక మీకు ఈ అడ్డకర్ర చూపించాను. హోర్‌మన్ వెర్సాయ్‌కి చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మాటకీ పాలో పేరుకీ మధ్య, పాలో పేరే గెలిచింది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకం నుంచి కొంత వచ్చింది, అది ఆయన కష్టపడి సంపాదించుకున్నది, కాదనను. మిగతాది ఏళ్లతరబడి పత్రికల్లో వచ్చిన ఫోటోల నుంచి వచ్చింది.

మరి చివరికి ఎలా బయటపడిందంటే, కుర్చీల వల్ల కానే కాదు. అనుమానం కలిగించే బ్యాంకు లావాదేవీలను గమనించే ప్రభుత్వ విభాగం 2014లో ఒక పోర్చుగీసు పనివాడి ఖాతా చూసింది. నెల సంపాదన రెండున్నర వేల యూరోలు. కొన్న ఆస్తులు 12 లక్షల యూరోల పైమాటే. ఆ డబ్బు ఎక్కడిదని తీగ లాగితే డొంకంతా కదిలింది. రెండేళ్లకి అరెస్టులు. పాలో, దెనూ నాలుగేసి నెలలు జైల్లో ఉన్నారు. అరెస్టులు జరిగిన ఆ జూన్‌లోనే ఫ్రెంచ్ సంస్కృతి శాఖ వెర్సాయ్ కొనుగోళ్ల మీద తనిఖీకి ఆదేశించింది.

ఆ వార్తలు వచ్చినన్నాళ్లూ నేను చదివాను. నాకు ఫ్రెంచ్ రాదు, ఇంగ్లీషులో వచ్చినవి వెతుక్కుని చదివాను. ఎన్ని లక్షల యూరోలు, ఎవరెవరు మోసపోయారు, ఆయన జుట్టు, ఆయన సూట్లు. కుర్చీ అడుగున ఏముందో రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అతిమధురం సంగతి వచ్చిందంటే అది నాలుకతో పట్టుకున్నాడన్న విడ్డూరం వల్లే వచ్చింది. పాత లెక్కల పుస్తకాన్ని ఎలా వాడుకున్నారో, ఏ చోట చూసి ఉంటే పట్టుబడేవో, మ్యూజియం కొనేముందు చేయించాల్సిన పరీక్షలేమిటో, ఇవి రాస్తే నాలాంటివాళ్లు వందమంది నేర్చుకునేవారు. మీలాంటి పిల్లలు నేర్చుకునేవారు.

దీని నీడ ఈ కేసుతో సంబంధం లేనివాళ్ల మీద కూడా పడింది. మా వృత్తిలో నమ్మకం అనేది ఒకరి నుంచి ఒకరికి సాగే గొలుసు లాంటిది. కొనేవాడు వ్యాపారిని నమ్ముతాడు, వ్యాపారి నిపుణుణ్ణి, నిపుణుడు మేస్త్రీని. ఒక లంకె తెగితే మొత్తం వదులైపోతుంది. ఆ రోజుల్లో ఇక్కడ హైదరాబాదులో కూడా ఒకాయన, నా దగ్గర పదేళ్లుగా సామాను బాగుచేయించుకుంటున్నాయన, ఆ వార్త కత్తిరింపు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీరూ ఇంతేనా?" అని అడిగారు. ఆయన తప్పు లేదు. నేను ఆయన కుర్చీ తిప్పి, నేను ఎక్కడ కొత్త చెక్క అతికానో చూపించాను. కొత్త చెక్కకి నేను పాత రంగు వేయను. దగ్గరికి వెళ్లి చూస్తే తెలియాలి. మేస్త్రి గారు నేర్పింది అది. వచ్చినాయన చూసి ఏమీ అనకుండా టీ తాగి వెళ్లారు. మళ్లీ పని తెచ్చారు.

విచారణ మొదలవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2025 మార్చిలో, పారిస్ దగ్గర పొంత్వాజ్ కోర్టులో. తల తనదైతే చేతులు దెనూవని పాలో అక్కడ ఒప్పుకున్నాడు. జూన్ 11న తీర్పు. పాలోకి నాలుగేళ్ల శిక్ష, అందులో 44 నెలలు అమలు చేయకుండా నిలిపారు, మిగతా నాలుగు నెలలు అప్పటికే అనుభవించాడు. రెండు లక్షల యూరోల జరిమానా, ఐదేళ్లు నిపుణుడిగా పనిచేయకూడదన్న నిషేధం. దెనూకి మూడేళ్లు, దాంట్లోనూ నాలుగు నెలలే అసలు జైలు, అదీ అయిపోయింది. లక్ష యూరోల జరిమానా.

అదే కేసులో క్రేమర్ గ్యాలరీ కూడా ఉంది. ఆ కుటుంబం 1875 నుంచి ఈ వ్యాపారంలో ఉంది. వాళ్లు దొంగ కుర్చీలు చేశారని ఎవరూ అనలేదు. కొని అమ్మేముందు సరిగ్గా పరీక్షించుకోలేదన్నది అభియోగం. తామూ మోసపోయామని వాళ్లు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. కోర్టు వాళ్లని నిర్దోషులుగా వదిలేసింది. తొమ్మిదేళ్లు ఆ ఇంటి పేరు ఆ వార్తలతో కలిసే తిరిగింది. నిర్దోషులన్న సంగతి మాత్రం పాలో శిక్ష గురించిన వార్తల్లో చివరి పేరాలో రెండు వాక్యాలుగా చదివాను. ఆ రెండు వాక్యాల దగ్గర నాకు మామ్మగారు గుర్తొచ్చారు. ఆవిడకి ఆ రెండు వాక్యాలు కూడా దక్కలేదు.

పాలోని నేను సమర్థించడం లేదు. ఆయన చేసింది మా వృత్తికి జరిగిన ద్రోహం. తన పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్లనే మోసం చేశాడు. దెనూ గురించి మాత్రం నాకు బాధగా ఉంటుంది. అంత చేయి ఉన్న మనిషి, తన పేరుతో చేసిన కుర్చీ ఒకటి ఉన్నా జనం చూసేవారు. రెండు వందల యాభై ఏళ్ల కిందటి మేస్త్రీ పేరు కొట్టి అమ్మాల్సి వచ్చింది. కొత్త కుర్చీకి, ఎంత బాగా చెక్కినా, ఎవరూ అంత ధర ఇవ్వరు కాబట్టి. మన వడ్రంగులకీ ఇదే పరిస్థితి. "పాతదానిలా చేసిపెట్టు" అని అడిగేవాళ్లే వస్తారు, "నీలా చేసిపెట్టు" అని ఒక్కరూ రారు.

మన ఊళ్లో సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు కుర్చీలున్నాయి, మీరంతా చూసే ఉంటారు. చూడకపోతే రేపే వెళ్లండి. ఫ్రెంచ్ రాజు లూయీ 15 టిప్పు సుల్తానుకి పంపిన కానుక అని వాటి గురించి చాలాచోట్ల రాసి ఉంటుంది. తేదీలు వేసుకుని చూడండి. లూయీ 15 చనిపోయింది 1774 మే 10న. టిప్పు గద్దెనెక్కింది 1782 డిసెంబరులో. టిప్పు పంపిన రాయబారులు వెర్సాయ్‌లో రాజుని కలిసింది 1788 ఆగస్టు 10న, ఆ రాజు లూయీ 16. మైసూరు పాలకుడైన టిప్పుకి లూయీ 15 కానుక పంపడం ఎలా కుదురుతుంది? కుర్చీల మీద నాకు అనుమానం లేదు. దంతం దంతమే, పనితనం పనితనమే, ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. కానీ ఆ ఒక్క వాక్యం పేపర్లో, పుస్తకాల్లో, గైడ్ల నోట్లో దశాబ్దాలుగా తిరుగుతోంది. అసలు వాటిని ఎవరు చేశారు, ఏ ఊళ్లో చేశారు, ఏ దారిన ఇక్కడికి చేరాయి? ఆ ప్రశ్నలు మీలో ఒకరు పట్టుకుంటే బాగుంటుంది. ఒక విద్యార్థికి మూడు నాలుగేళ్ల పని అది.

విలేకరులు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. ఫోన్లో నేను ధర చెప్పను, వయసు చెప్పను. "షెడ్డుకి రండి" అంటాను. పదిమందిలో ఒకరు వస్తారు. వచ్చినవాళ్లకి గోనెపట్టా పరిచి, మంచం కిందికి దూరమంటాను, టార్చి చేతికిస్తాను. ఆ మధ్య ఒక అమ్మాయి వచ్చింది, అరగంట కింద పడుకుని చూసి, బట్టల నిండా దుమ్ముతో లేచి, స్క్రూ గురించి నాకే ప్రశ్న వేసింది. ఆమె రాసిన దాంట్లో ధర లేదు.

మాట్లాడింది చాలు. ముందు వరుస నుంచి ఇద్దరు పైకి రండి. టార్చి ఇదిగో. ఈ కుర్చీ ఎప్పటిదో నేను చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. వెనక ఎడమ కాలు, లోపలి వైపు, పై నుంచి బెత్తెడు కిందికి వేలు పెట్టండి. అక్కడ ఒకటి తగులుతుంది. ఏం తగిలిందో అందరికీ వినబడేలా చెప్పండి.